తిప్ప నడుస్తోంది: ఉత్తరాంధ్ర తీరంలో ఒక పల్లె కేసు

ఊరి పెద్దలను అడిగి, వాళ్లు సరేనన్నాకే ఈ కేసు రాస్తున్నాను. పల్లె పేరు, ఏటి పేరు, నన్ను పిలిచిన స్వచ్ఛంద సంస్థ పేరు చెప్పను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. విశాఖపట్నంలో బస్సెక్కితే రెండు గంటల లోపు అక్కడ దిగొచ్చు, అంతవరకు చెప్పగలను. తీరం సర్వేలు చేయడం నా వృత్తి. ఇప్పటిదాకా కొలిచిన తీరాల్లో నాకు తలవంపులు తెచ్చిందీ, ఎక్కువ నేర్పిందీ ఇదే.

నేపథ్యం

ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పుటేరు, మధ్యలో సన్నటి ఇసుక తిప్ప. పొడవు కిలోమీటరున్నర. వెడల్పు బాగా ఇరుకైన చోట నూట పది మీటర్లు. దక్షిణపు కొస నేలకు అతికి ఉంటుంది, ఉత్తరపు కొసన మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. తిప్ప మీద నలభై పైచిలుకు ఇళ్లు, గంగమ్మ గుడి, వలలు దాచుకునే పాకలు, ఒక కమ్యూనిటీ హాలు.

పుస్తకాల్లో ఇలాంటివాటిని అవరోధ ద్వీపాల కుటుంబంలో కలుపుతారు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య అడ్డంగా పడుకున్న శ్రీహరికోట ఆ కుటుంబంలో పెద్దది. కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో పెరిగింది. పదహారు కిలోమీటర్ల పొడవున నిలబడి, కాకినాడ రేవును అలల నుంచి కాస్తోంది. మన పల్లె తిప్ప వాటి ముందు పిల్లకాయ. కానీ ఇలాంటి సన్నటి తిప్పల నడక ఒకటే. పెద్ద అల తిప్ప మీదుగా దాటినప్పుడు ముందున్న ఇసుకను తీసుకెళ్లి వెనక పోస్తుంది. ముందు కోసుకుపోతుంది, వెనక పెరుగుతుంది. చాపను చుట్టుకుంటూ పోయినట్టు తిప్ప మొత్తం నేల వైపు జరుగుతుంది.

ఇది కాక ఒడ్డు వెంబడి సాగే ప్రయాణం ఒకటుంది. నైరుతి కాలపు అలలు ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య కాలంలో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం లెక్కేస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. విశాఖవాళ్లకు దీన్ని ఒక్క మాటలో చెప్పొచ్చు: ఆర్కే బీచ్. 1970ల్లో ఆ బీచ్‌కు దక్షిణాన రేవు కోసం ఔటర్ హార్బర్ అడ్డుగోడలు కట్టాక దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఆ గోడల దగ్గరే ఆగిపోయింది. ఆగిన ఇసుకను డ్రెడ్జర్‌తో (నీటి అడుగు నుంచి ఇసుక తోడే ఓడ) తీసి బీచ్‌కు పోస్తూ ఉండాల్సి వచ్చింది. ఈ సంగతి ముందు ముందు అవసరం పడుతుంది.

వాళ్లు చెప్పిన సమస్య

నవంబరులో ఫోను వచ్చింది. కమ్యూనిటీ హాలు మూల కింద ఇసుక జారి పునాది బయటపడింది. చేపలు ఆరబెట్టే కళ్లంలో సగం లేదు. వెళ్లిన రోజు హాల్లోనే మీటింగ్ పెట్టారు. గోడకు బొటనవేలు దూరేంత పగులు ఉంది. దాని పక్కనే నాకు కుర్చీ వేశారు, కావాలనే అనుకుంటాను.

వాళ్లకు కావాల్సింది స్పష్టం. మూడు వందల మీటర్ల రాళ్ల గోడ అవసరమని నా సంతకంతో ఒక రిపోర్టు. ఒక కుర్రాడు నిలబడి అడిగేశాడు: "బీచ్ రోడ్డుకి రాళ్లేశారు కదా సారూ. మాకెందుకెయ్యరు? మేం పట్నపోళ్లం కాదనా?"

న్యాయమైన ప్రశ్న. ఆ రోజు దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పోయాక బీచ్ రోడ్డు ఎలా ఉందో వాళ్లూ చూశారు, నేనూ చూశాను. పట్నంలో రోడ్డును మళ్లీ కట్టారు, ఇక్కడ కళ్లం పోతే కళ్లం పోయినట్టే.

అప్పటికే చేసి చూసినవి

నేను వెళ్లేసరికి నాలుగు పనులు అయిపోయాయి. మొదట సిమెంటు బస్తాల్లో ఇసుక నింపి పేర్చారు. ఎండకు బస్తా పెళుసెక్కి రెండు సీజన్లలో చినిగిపోయింది. తర్వాత చందాలేసుకుని హాలు ముందు అరవై మీటర్ల మేర బండరాళ్లు దింపించారు. రాళ్ల వెనక నేల నిలిచింది. కానీ రాళ్లు ఆగిన చోట, ఉత్తరపు పక్కన, ఒడ్డు అర్ధచంద్రాకారంగా లోపలికి కోసుకుపోయింది. ఉత్తరానికి వెళ్తూ మధ్యలో ఒడ్డును నింపాల్సిన ఇసుక రాళ్ల వెనక బందీ అయింది. రాళ్లను తాకి పక్కకు మళ్లిన అల ఆ ఆకలిని అక్కడ తీర్చుకుంది. అక్కడున్న మూడిళ్ల వాళ్లకూ, రాళ్ల వెనకున్న ఇళ్లవాళ్లకూ అప్పటి నుంచి మాటల్లేవు.

మూడోసారి జేసీబీ పెట్టి ఏటి వైపు ఇసుకను తవ్వి సముద్రం వైపు కట్టలా పోశారు. ఒక్క పౌర్ణమి పోటుకు కట్ట కరిగింది, వెనక గుంట మాత్రం మిగిలింది. నాలుగోది సరుగుడు మొక్కలు. మంచి ఉద్దేశమే, కానీ అల తగిలే అంచున నాటారు. వేళ్ల కింద ఇసుక పోయి చెట్లు ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. వాటి నీడన ఇసుకను పట్టి ఉంచే తీగలు కూడా బతకలేదు.

నా పొరపాటు

ఇక్కడ నా తప్పు రాయకపోతే కేసు అబద్ధమవుతుంది. తొందర పెడుతున్నారని ఎనిమిదేళ్ల తేడా ఉన్న రెండు ఉపగ్రహ చిత్రాలు తీసుకుని నీటి అంచు నుంచి నీటి అంచుకు కొలిచాను. ముప్పై రెండు మీటర్లు వచ్చింది. ఏడాదికి నాలుగు మీటర్లు, ముందు వరస ఇళ్లకు ఆరేడేళ్లే టైముందని మీటింగులో చెప్పేశాను.

పాత చిత్రం ఫిబ్రవరిది, పాటు వేళ, అంటే నీళ్లు దిగినప్పుడు తీసింది. కొత్తది నవంబరుది, పోటు వేళది. మన వైపు సముద్ర మట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఫిబ్రవరి, మార్చిల్లో కిందకు ఉంటుంది, అక్టోబరు, నవంబరుల్లో జానెడుకు పైగా లేస్తుంది. ఆటుపోట్ల తేడా కూడా కలిపితే రెండు చిత్రాలకూ మధ్య నీటి ఎత్తులో డెబ్బై సెంటీమీటర్ల వరకు తేడా తేలింది. అక్కడి ఒడ్డు ముప్పై మీటర్లకు ఒక మీటరు దిగుతుంది. అంటే ఒక్క గింజ ఇసుక కదలకపోయినా నీటి అంచు ఇరవై మీటర్లు లోపలికొచ్చినట్టు కనిపిస్తుంది. మళ్లీ నీటి అంచు కాకుండా తీగల పచ్చదనం మొదలయ్యే గీతను పట్టుకుని కొలిస్తే ఏడాదికి ఒకటిన్నర మీటరు కూడా రాలేదు.

ఈలోపు ఒకాయన స్లాబు వేయాల్సిన ఇల్లు ఆపేసి, వడ్డీకి తెచ్చిన డబ్బును పట్నంలో అద్దింటి అడ్వాన్సుకు కట్టేశాడు. లెక్క తప్పని చెప్పడానికి వెళ్తే ఆయన మాట్లాడలేదు. వాళ్లావిడ టీ ఇచ్చి, "ఈసారి సరిగ్గా కొలిచి సెప్పు బాబూ" అంది. విశాఖలోని వాల్తేరు ఒడ్డున ఇసుక ఎక్కడం, దిగడం 1950ల్లోనే ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు నెలనెలా కొలిచి చూపించారు. ఆ ఊళ్లో చదువుకున్న నేను ఒక్క ఫిబ్రవరినీ ఒక్క నవంబరునూ పక్కపక్కన పెట్టాను.

మళ్లీ మొదటి నుంచి

రెండోసారి కంప్యూటరు పక్కనపెట్టి రెండు కర్రలు పట్టుకున్నాను. ఇది ఎమరీ అనే శాస్త్రవేత్త 1961లో చెప్పిన పద్ధతి. ఒకే ఎత్తున్న రెండు కర్రలను కొలిచిన దూరంలో నిలబెడతాం. వెనక కర్ర దగ్గర నిలబడి ముందు కర్ర కొసను దూరాన సముద్రమూ ఆకాశమూ కలిసే గీతతో కలిపి చూస్తాం. ఆ చూపు వెనక కర్రను కొస నుంచి ఎంత కింద తాకితే నేల అంత దిగినట్టు. పరికరం ఖర్చు లేదు. పదో తరగతి చదివే ఒక అమ్మాయికి అరగంటలో వచ్చేసింది. ప్రతి అమావాస్యకూ పౌర్ణమికీ పన్నెండు గుర్తు కర్రల దగ్గర కొలిచి నోట్‌బుక్కులో రాసే పని ఆమె తీసుకుంది. ఆ రెండు రోజులే ఎందుకంటే పోటు ఎక్కువ, పైగా పల్లెలో ఎవరికీ తేదీ గుర్తుచేయక్కర్లేదు.

ఏడాది పాటు ఏ సలహా ఇవ్వనని చెప్పాను. సంస్థకు నచ్చలేదు. మొదటి తొందర ఎంత ఖరీదైందో చెప్పాక ఒప్పుకున్నారు.

అదే ఏడాది ఒక తాత నాకు అసలు ఆధారం చూపించాడు. పెద్ద అలలు వచ్చి పోయిన మర్నాడు, బాగా పాటు ఉన్నప్పుడు, నన్ను ఒడ్డుకు తీసుకెళ్లాడు. ఇసుక దిగిపోయిన చోట నల్లటి జిగురు బురద, అందులో మడ చెట్ల వేళ్ల ముక్కలు. "ఇది ఏటి బురద. సంద్రంలోకెలాగొచ్చింది సెప్పు" అన్నాడు. అది వచ్చింది కాదు. అది ఉన్నచోటే ఉంది. తిప్పే దాని మీదుగా నడిచి వెనక్కి వెళ్లిపోయింది. ఒకప్పుడు ఏటి ఒడ్డయిన చోటు ఇప్పుడు సముద్రపు ఒడ్డు. ఏటి వైపు మూడడుగుల గొయ్యి తవ్వి చూస్తే అదే బురద మీద అల తెచ్చిన ఇసుక పొరలు పొరలుగా ఉంది.

ఇంకో గుర్తు ఉంది, ఈ తీరంలో ఎవరైనా చూడొచ్చు. భీమిలి వైపు మన ఇసుకలో బరువైన నల్ల ఖనిజాలు కలిసి ఉంటాయి. అల తేలికైన తెల్ల ఇసుకను ఎత్తుకుపోతే నల్లది మిగిలి చారల్లా పేరుకుంటుంది. పన్నెండు కర్రల్లో నల్ల చార ఎప్పుడూ కనిపించింది రెండే చోట్ల. ఒకటి రాళ్ల ఉత్తరపు కొస. రెండోది చేపల ట్రాక్టరు దిగడానికి దిబ్బను కోసి వేసిన దారి.

మొత్తం తిప్ప కరిగిపోవడం లేదన్నమాట. నెమ్మదిగా నడుస్తోంది, రెండు చోట్ల మాత్రం మనం పెట్టిన గాయాలున్నాయి. ప్రశ్న మారిపోయింది.

తాతనే అడిగాను, మరి మీ పెద్దలు ఎలా బతికారని. గంగమ్మ గుడి ఇప్పుడున్నది మూడో చోటట. తాటాకు గుడిసెలు విప్పి, నిట్టాళ్లు భుజాన వేసుకుని, ఒక పూటలో జరిగిపోయేవాళ్లట. పక్కా ఇళ్లు వచ్చాక జరగడం ఆగింది. పక్కా ఇల్లు వద్దని నేనెలా అంటాను? గుడిసె తుపానుకు ఎగిరిపోతుంది, నిప్పంటుకుంటుంది. అమెరికాలో నార్త్ కరోలినా తీరంలో ఇలాంటి ఇసుక ద్వీపాల మీదే 1870లో కట్టిన కేప్ హాటెరస్ లైట్‌హౌస్‌ను 1999లో పట్టాల మీద 2,900 అడుగులు లోపలికి జరిపారని ఫోన్లో ఫొటో చూపించాను. తాత చాలాసేపు చూశాడు. "ఆళ్లకి పట్టాలు కావాల్సొచ్చింది" అన్నాడు.

తీసుకున్న నిర్ణయాలు, వాటి వెనక ఆలోచన

రాళ్ల గోడ వద్దన్నాను. కారణాలు మీటింగులో రెండు చెప్పాను. గోడకు కొట్టుకున్న అల ముందున్న ఇసుకను కిందకు తవ్వుతుంది. గోడ అలను దాటనివ్వదు కాబట్టి వెనక్కి ఇసుక చేరదు, తిప్ప ఏటి వైపు పల్లంగానే ఉండిపోతుంది, వానాకాలంలో ఏరు వెనక నుంచి ముంచుతుంది. రెండూ ఓపిగ్గా విన్నారు, ఎవరూ కదల్లేదు. వెనక నుంచి ఒక పెద్దామె అడిగింది: "గోడ కడితే బోటు ఎక్కడ లాగుతారు?" ఒడ్డు పోయి రాళ్లే మిగిలితే ఫైబర్ బోటును ఎక్కించే చోటుండదు, అలివి వల లాగే చోటుండదు. నా గ్రాఫులు చేయని పని ఆ ఒక్క ప్రశ్న చేసింది. బీచ్ రోడ్డు గురించి కుర్రాడు అడిగిన ప్రశ్నకు కూడా అప్పుడు జవాబు దొరికింది: ఆ రోడ్డు ముందున్న ఆర్కే బీచ్‌లో పోయిన ఇసుకను తెచ్చి పోసే డ్రెడ్జర్ ఉంది. ఈ పల్లెకు ఏటేటా ఎవరు తెచ్చి పోస్తారు?

అప్పటికే ఉన్న రాళ్లను తీసేయాలా అన్నది కష్టమైన నిర్ణయం. తీస్తే ఉత్తరపు మూడిళ్లకు మంచిది, హాలు వెనకున్న వాళ్లకు భయం. చివరికి ఉత్తరపు కొసలో పదిహేను మీటర్ల రాళ్లను మెట్లుగా తగ్గించి, గోడ హఠాత్తుగా ఆగకుండా వాలేటట్టు చేశాం. ఇంజినీరింగ్‌గా చూస్తే ఇది సగం పనే. ఊళ్లో గొడవ పెరగకుండా అంతకన్నా చేయలేకపోయాను.

ట్రాక్టరు దారిని మూయించాం. దారి నేరుగా సముద్రానికి ఎదురుగా ఉండటంతో పెద్ద పోటు నీళ్లు అక్కడి నుంచి కాలవలా లోపలికి వచ్చేవి. కొత్త దారిని ఏటవాలుగా, గాలికి అడ్డంగా వేశాం. పాత గండిలో తాటాకుల దడులు వంకరటింకరగా పాతాం. దడి గాలి వేగం తగ్గిస్తుంది, ఎగిరే ఇసుక అక్కడే రాలుతుంది. దాని మీద తీరాన పాకే తీగలు, ముళ్ల గడ్డి నాటాం. ఆ గడ్డిని అక్కడ రావణాసురుడి మీసాలంటారు. ఇసుక కప్పేకొద్దీ పైకి పెరుగుతుంది. మొదటి దడిని మేకలు తినేశాయి. రెండోదానికి మేకల యజమానినే కాపలా పెట్టాం, దినకూలి ఇచ్చి. అది నిలిచింది.

అన్నిటికన్నా ఎక్కువ చర్చ ఏది ఎక్కడ ఉండాలన్న దాని మీద జరిగింది. నేను అడిగింది ఒకటే: ఈ వస్తువును ఎంతసేపట్లో జరపగలరు? బోటును అరగంటలో లాగేయొచ్చు, కాబట్టి ముందు ఉండనీ. వల పాకను ఒక పూటలో విప్పగలిగేలా నట్లు, బోల్టులతో కడితే అదీ ముందు ఉండొచ్చు. ఇల్లు జరగదు, కాబట్టి ముందు వరసలో కొత్త ఇల్లు వద్దు. చేపలు ఆరబెట్టేందుకు సిమెంటు కళ్లం మళ్లీ కట్టకుండా, కర్రల మీద వలగుడ్డ పరిచిన ఎత్తు మంచెలు చేయించుకున్నారు. ఆడవాళ్లు దీనికి వెంటనే ఒప్పుకున్నారు, ఇసుక అంటని ఎండుచేపకు ధర ఎక్కువ. 2019 నాటి తీర నియంత్రణ నోటిఫికేషన్‌లో ఇసుక దిబ్బలు అత్యంత సున్నితమైన వర్గంలో ఉన్నాయి. దిబ్బ మీద కట్టడానికి ఎలాగూ అనుమతి రాదని చెప్పడానికి అది సాయపడింది, అంతే.

గండం ఎక్కువున్న ఆరిళ్ల వాళ్లను ఏటి అవతల ఊరి ఉమ్మడి స్థలంలోకి వెళ్లమన్నాం. ససేమిరా అన్నారు. బోటు కళ్లెదుట లేకపోతే నిద్ర పట్టదన్నారు. సముద్రం రంగు చూడకుండా వేటకు వెళ్లాలో వద్దో ఎలా తెలుస్తుందన్నారు. మొండితనం అనుకున్నాను మొదట. అది వృత్తి. చివరికి కుదిరిందేమిటంటే, పడక అవతల, పగలు ఇవతల. పాత ఇళ్లు వల గదులుగా ఉంచుకున్నారు. ఐదు కుటుంబాలు వెళ్లాయి. ఒకటి ఆరు నెలలకు తిరిగొచ్చేసింది.

నీళ్ల సంగతి నా పనిలో లేదు, కానీ వదల్లేకపోయాను. తిప్ప మీద చెలమ తవ్వితే మంచినీరు వస్తుంది. వాననీరు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. లెక్క ప్రకారం సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరుంటే కింద నలభై మీటర్ల దాకా ఉండాలి. అంటే పైన ఒక అడుగు తోడితే కింద ఉప్పు నలభై అడుగులు లేస్తుంది. ఒకాయన మోటారు బోరు వేశాక చుట్టుపక్కల చెలమలు ఉప్పెక్కాయి. బోరు ఆపించి చేతిపంపులే ఉంచాం. నీళ్లు మళ్లీ తియ్యగా మారడానికి రెండు వానాకాలాలు పట్టింది.

మొగ విషయంలో నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేకపోయింది. ఎండాకాలం ఇసుక మేటేసి మొగ మూసుకుపోతుంది, వరద వస్తే ఏటి నీళ్లు వెనక నుంచి ఇళ్లలోకి వస్తాయి. దగ్గరగా ఉందని ఇళ్ల పక్కనే జేసీబీతో కోసేవాళ్లు. ఉత్తరపు కొసకు, పాత మొగ దగ్గరకే వెళ్లి కోయమన్నాను. ఎప్పుడు కోయాలో వాళ్లకే తెలుసు: ఏరు నిండాక, పోటు దిగడం మొదలైన వేళ. సన్నగా పార గీత గీస్తే చాలు, మిగతాది నీళ్లే తవ్వుకుంటాయి.

పరీక్ష

మరుసటి ఏడాది అక్టోబరులో అల్పపీడనం, అమావాస్య ఒకేసారి వచ్చాయి. ముందు రోజు సాయంత్రం వల పాకలన్నీ విప్పేశారు. రాత్రి అల తిప్పను మూడు చోట్ల దాటింది. తాటాకు దడులు ఒక్కటి మిగల్లేదు, కానీ వాటి కింద పేరుకున్న దిబ్బ నిలిచింది, పాత గండిలోంచి నీళ్లు రాలేదు. రెండిళ్లలో మోకాలి లోతు నీళ్లు. తిరిగొచ్చేసిన కుటుంబం ఇల్లు అందులో ఒకటి.

ఎక్కువ నష్టం రాళ్ల ముందు జరిగింది. అక్కడ ఒడ్డు మనిషెత్తు దిగిపోయి, హాలు మూల కూలింది. రాళ్లు లేని చోట దిగిన ఇసుక జనవరికల్లా చాలావరకు తిరిగొచ్చిందని నోట్‌బుక్కు చెప్తోంది. రాళ్ల ముందు తిరిగి రాలేదు. ఏటి వైపు కొత్త ఇసుక జానెడు మందాన పరుచుకుంది. జేసీబీతో దాన్ని మళ్లీ ముందుకు తోద్దామని ఎవరో అంటే తాత కేకలేశాడట.

ఏం నేర్చుకున్నాను

ఏడాది కొలవకుండా రేటు చెప్పను. ఇది చాలా మందికి కోపం తెప్పిస్తోంది, కాంట్రాక్టులు కూడా పోయాయి. సర్వేకు వెళ్లినప్పుడు గుడి ఎన్నిసార్లు జరిగిందో ముందు అడుగుతున్నాను. ఊళ్లో ఎవరి ఇంటి ముందు రాళ్లున్నాయి, ఎవరి ఇంటి ముందు లేవు అన్నది కూడా రాసుకుంటున్నాను, ఎందుకంటే ఈ కేసులో ఒడ్డు కన్నా ముందు కోసుకుపోయింది ఇరుగుపొరుగు.

చేయలేకపోయింది కూడా చెప్పాలి. స్లాబు ఆపేసుకున్న ఆయనకు నా వల్ల పోయిన డబ్బు తిరిగి రాలేదు. ఏటి అవతల స్థలం కూడా శాశ్వతం కాదు. అది తిప్ప కన్నా పల్లం, వరదల్లో దాన్ని ఇంకా పరీక్షించలేదు. మిగిలిన నలభై ఐదు మీటర్ల రాళ్లు అలాగే ఉన్నాయి.

నోట్‌బుక్కు అమ్మాయి ఇంటర్ చదవడానికి పట్నం వచ్చేసింది. ఇప్పుడు వాళ్ల తమ్ముడు కొలుస్తున్నాడు, రాత కొంచెం వంకర, అంకెలు సరిగ్గానే ఉన్నాయి. పోయిన అమావాస్యకు ఏడో నంబరు కర్ర నీళ్లలో కలిసిందని ఫోన్ చేశాడు. కొత్తది ఎక్కడ పాతావని అడిగితే, "ఎనక, పది అడుగులు" అన్నాడు.